ఏ రోజు జిగురు ఆ రోజే

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి పక్క సందులోకి తిరిగితే, బ్యూటీ పార్లర్లూ మొబైల్ రిపేరు కొట్టూ దాటాక పుణ్యవతి పిండి దుకాణం వస్తుంది. దానికి బోర్డు లేదు, అవసరమూ లేదు. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కాపురాలు చేసే సాఫ్ట్‌వేర్ వాళ్లలో సగంమంది పొద్దున్నే ఆమె రుబ్బిన పిండితోనే ఇడ్లీలు వేసుకుంటారు. మిగతా సగంమంది ఆమెతో గొడవపడి మానేసినవాళ్లు.

గొడవ ఎప్పుడూ పులుపు గురించే. పుణ్యవతి గిన్నె మూత తీసి ఒకసారి వాసన చూస్తుంది. బాగుంటే ప్యాకెట్లు కడుతుంది. పులుపు ఒక గీత దాటిందనుకుంటే గిన్నె ఎత్తి అక్కడికక్కడే కాలవలో ఒంపేస్తుంది. నాకు పుల్లగానే కావాలండీ అని బతిమాలినా ఇవ్వదు, సగం ధరకైనా ఇవ్వమన్నా ఇవ్వదు. దుకాణం పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకున్న భవానికి ఆ పారబోత చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోయేది.

"ఏందక్కా గిట్ల జేస్తవు? దోసెలకన్న పనికొస్తది గద, మాకియ్యరాదు," అనేది.

"పులిసింది పులిసిందే, భవానీ. ఒకరికిచ్చే అలవాటు మాకు లేదు," అనేసి పుణ్యవతి గిన్నె కడుక్కునేది. ఎడమచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ కాలి అతుక్కుపోయాయి కాబట్టి గిన్నెని మోచేత్తో అదిమిపెట్టి కడుగుతుంది. ఆ చెయ్యి ఎలా కాలిందని ఎవరైనా అడిగితే దీపావళి మందు అని చెప్పి మాట మార్చేస్తుంది. వినేవాళ్లు చిన్నప్పుడు చిచ్చుబుడ్డి పేలిందేమో అనుకుంటారు. ఆమె వాళ్లని అలాగే అనుకోనిస్తుంది.

దుకాణం వెనకే ఇల్లు. అందులో పుణ్యవతీ, కూతురు స్టెల్లా ఉంటారు. స్టెల్లా రాయదుర్గంలో కంపెనీలకి శిక్షణ వీడియోలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. కూలీలు హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలి, మంటలు వస్తే ఏ మెట్లు దిగాలి, ఇలాంటివన్నీ తెలుగులో చదివి రికార్డు చేయడం ఆమె పని. గొంతు మంచిది, చర్చి క్వైర్‌లో పాడి పాడి సానపట్టిన గొంతు. ఇంటి నుంచి పని ఉన్న రోజుల్లో బీరువా తలుపులు తెరిచి, వాటి మీద దుప్పట్లు కప్పి, మధ్యలో కూర్చుని చదువుతుంది. అప్పుడు గ్రైండర్ ఆపాలి. తల్లీకూతుళ్ల మధ్య జరిగే యుద్ధాలన్నీ ఆ గ్రైండర్ గురించే. నానిన పప్పు ఎవరి రికార్డింగు కోసమూ ఆగదని తల్లి అంటుంది, నీ గ్రైండర్ మోత ఈ దేశంలోని ఫ్యాక్టరీలన్నిటికీ వినపడుతోందని కూతురు అంటుంది.

ఆ రోజు పుణ్యవతి గొణుక్కుంటూనే గ్రైండర్ ఆపింది. ఇల్లు నిశ్శబ్దమైంది. దుప్పటి చాటు నుంచి స్టెల్లా గొంతు స్పష్టంగా వినిపించింది.

"మా వ్యవస్థాపకులు భీమేశ్వరరావుగారి తొలి యూనిట్‌లో జరిగిన ప్రమాదం మనందరికీ గుణపాఠం. ఆ ప్రమాదానికి కారణం ఒక కార్మికురాలి నిర్లక్ష్యం. ముందురోజు మిగిలిపోయి పులిసిన పిండి జిగురును ఆమె పారబోయకుండా మందులో కలిపింది."

పుణ్యవతి చేతిలోని గరిటె కింద పెట్టింది. వెళ్లి దుప్పటి లాగేసింది.

"ఆ మాట నీ నోటితో అనకు," అంది.

"ఏ మాటమ్మా? టేక్ పాడైంది చూడు."

"ఆ మనిషి మీ నానమ్మ."

స్టెల్లా మైకు ఆపేసింది. నానమ్మ మార్తమ్మ మంటల్లో పోయిందని ఆమెకి తెలుసు. ఎలాగో, ఎవరి దగ్గరో తెలియదు. అప్పటికి స్టెల్లాకి ఇంకా నడక కూడా రాలేదు. ఆ కథ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. తండ్రి దానియేలు ఆ సంగతి ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. తల్లి ఇన్నాళ్లకి నోరు విప్పింది.

మందుగుండు సామాను అనగానే లోకానికి మందే గుర్తొస్తుంది. మందు ఒట్టి పొడి, ఊదితే పోయేది. దాన్ని పట్టి నిలిపేది పిండి. చిచ్చుబుడ్డికి కాగితం చుట్టాలన్నా, ఆకాశంలోకి వెళ్లి ఎర్రగా పచ్చగా విచ్చుకునే గుళికలు చేతిలో రాలిపోకుండా గట్టిపడాలన్నా ఉడికించిన పిండి జిగురే దిక్కు. పలచనైతే గుళిక పొడిపొడి అవుతుంది. మరీ ఎక్కువైతే రాయిలా బిగుసుకుని అంటుకోనని మొండికేస్తుంది. దీపావళి రాత్రి మెడలు ఎత్తి చూసే జనంలో ఒక్కరైనా, ఆహా జిగురు ఎంత బాగా కుదిరిందీ అనరు. మార్తమ్మకి అదే కోపం. ఆకాశంలో జువ్వ విచ్చుకున్నప్పుడల్లా, "అది నా గంజే," అని పక్కవాళ్లని పొడిచి మరీ చెప్పేది.

గోదావరి కాలువ గట్టున భీమేశ్వరరావు షెడ్లుండేవి. వాటికి దూరంగా, వెనక కంచె పక్కన మార్తమ్మ పొయ్యి. ఆడవాళ్లు షెడ్లలో గొట్టాలు చుడుతుంటే ఆమె పొద్దున్నే పొయ్యి వెలిగించి, పెద్ద తపేలాలో పిండి కలిపి, తెడ్డుతో తిప్పుతూ జిగురు కాచేది. కోడలు పుణ్యవతి దాన్ని చిన్న గిన్నెల్లోకి ఒంపి షెడ్లకి మోసేది. అత్తాకోడళ్లు ఒక్కరోజు కూడా సఖ్యంగా లేరు. మార్తమ్మ నోరు అలాంటిది. కోడలు నడిస్తే తప్పు, నవ్వితే తప్పు. చర్చిలో పాట ఎత్తుకుంటే అపస్వరం అని అందరి ముందూ అనేది. పుణ్యవతి కూడా తక్కువ తినలేదు, మాటకి మాట అప్పగించేది.

ఒక్క విషయంలో మార్తమ్మతో వాదన చెల్లేది కాదు. సాయంత్రానికి తపేలా ఖాళీ కావాలి. ఉడికిన పిండి మర్నాటికి పులుస్తుంది. ఆ పులిసిన జిగురు కొన్ని రకాల మందుకి తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అది లోలోపల వేడెక్కి అంటుకుంటుంది. పెళ్లైన కొత్తలో పుణ్యవతి, పొద్దున్నే పొయ్యి దగ్గర ఆ పొగ తప్పుతుందని, మిగిలిన జిగురు ఒక గిన్నెలో మూతపెట్టి ఉంచింది. మార్తమ్మ ముక్కుతోనే పట్టేసింది. ఆ గిన్నె తెచ్చి, పనివాళ్లందరూ చూస్తుండగా, కోడలి పాదాల మీద పోసింది.

"ఏ రోజు జిగురు ఆ రోజే. ఇంకోసారి దాచావంటే నీ నెత్తిన పోస్తాను," అంది.

పుణ్యవతి చాలా రోజులు అత్తతో మాట్లాడలేదు. జిగురు మాత్రం మళ్లీ దాచలేదు.

మిగిలిన జిగురు గీకి పట్టుకుపోవడానికి రోజూ సాయంత్రం ఒక చిన్నపిల్ల కంచె దగ్గరికి వచ్చేది. ఆ పిల్ల భీమేశ్వరరావు కూతురు కిరణ్మయి. షెడ్ల వైపు వెళ్తే కాళ్లు విరగ్గొడతానని తల్లి రాజరాజేశ్వరి బెదిరించేది కాబట్టి దొంగతనంగా వచ్చేది. బొమ్మల కొలువుకి రంగు కాగితాలతో మేడలు కట్టడం ఆ పిల్లకి పిచ్చి. ఆ ఇంటి వంటగది గుమ్మం మార్తమ్మ ఏనాడూ ఎక్కలేదు, ఎక్కనివ్వరు. కానీ మార్తమ్మ కాచిన జిగురుతో ఆ ఇంట్లో మేడల మీద మేడలు లేచేవి.

దీపావళి ముందు ఆర్డర్లు తరుముకొచ్చాయి. ఒక్కో షెడ్డులో పట్టేదానికంటే ఎక్కువమంది కూర్చున్నారు, ఆరబెట్టిన సరుకు కాళ్ల మధ్యకి వచ్చేసింది. ఆ సాయంత్రం జిగురు ఇంచుమించు మిగల్లేదు. కిరణ్మయి ఏడుపు మొహం పెట్టింది. మార్తమ్మ తపేలా పక్కకి వంచి, అడుగున అంటుకున్నది వేళ్లతో గీకి గీకి పిల్ల గిన్నెలో వేసింది. మర్నాడు పొద్దున్నే కొత్తగా కాచిన జిగురు పుణ్యవతి మోసింది. వేడికి చేతులు చురుక్కుమన్నాయి. మార్తమ్మ ఏదో అడగడానికి షెడ్డులోకి వెళ్లింది. పుణ్యవతి గుమ్మంలో ఉంది. ఆ తరవాత తెల్లటి వెలుగు, ఇంకేమీ గుర్తులేదు.

ఆమె ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి అత్తని పూడ్చిపెట్టేశారు. కారణం కూడా తేల్చేశారు. విచారణకి వచ్చినవాళ్లకి భీమేశ్వరరావు చెప్పాడు, ముసలావిడ నిన్నటి జిగురు వాడింది అని. ఊరు వెంటనే నమ్మింది. ఎందుకు నమ్మిందో తలుచుకుంటే పుణ్యవతికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మార్తమ్మ ఇంట్లో నిన్నటి గంజి పారబోయరు, కుండలో పులియబెట్టి తరవాణి చేసుకుని పొద్దున్నే చద్దన్నంలో పోసుకుంటారు. లేనివాళ్లు కదా, పారబోయడానికి చేతులు రాక దాచి ఉంటారని అందరూ అన్నారు, జాలిగా కూడా అన్నారు. ఆ జాలే ఆమెని ఎక్కువ కాల్చింది. సమాధుల దగ్గరికి వెళ్తే, తన చేత్తో తనే చచ్చింది పాపం అనేవాళ్లు. కట్టు విప్పని చేత్తోనే పుణ్యవతి భర్తనీ పిల్లనీ తీసుకుని హైదరాబాదు బస్సెక్కింది. కొత్త టవర్లు లేస్తున్న చోట దానియేలు వాచ్‌మన్‌గా కుదిరాడు. తల్లి మీద పడ్డ ఆ మాటని అతను నమ్మానని అనలేదు, కాదని కూడా అనలేదు. అలాగే జబ్బుపడి పోయాడు. పుణ్యవతి మనసులో అన్నిటికంటే పెద్ద ముల్లు అదే.

ఇప్పుడు ఆ ముల్లు కూతురి నోట్లోకి వచ్చింది. భీమేశ్వరరావు పోయాడు. కిరణ్మయి వ్యాపారం చేతికి తీసుకుని, పేరు మార్చి, పెళ్లిళ్లకీ కంపెనీల పండగలకీ బాణసంచా తయారుచేసి కాల్చే సంస్థగా పెంచి, రాయదుర్గంలో స్టెల్లా పనిచేసే టవర్లోనే ఆఫీసు పెట్టింది. ఆ సంస్థ పనివాళ్లకి చూపించడానికే ఈ వీడియో.

స్టెల్లా మర్నాడే ఆ వాక్యం తీసేయమని మెయిల్ పెట్టింది. విచారణ రికార్డులో ఉన్నదే రాశాం, మార్చడం కుదరదని అటు నుంచి జవాబు వచ్చింది. స్టెల్లా తల్లి ముందు తల వంచుకుని కూర్చుంది. ఈ ప్రాజెక్టు నుంచి తప్పుకుంటానమ్మా, ఇంకెవరైనా చదువుకుంటారు అంది.

"నువ్వు తప్పుకుంటే మాట తప్పుకుంటుందా?" అంది పుణ్యవతి. "ఇంకో పిల్ల చదువుద్ది. ఫ్యాక్టరీలో ఆడాళ్లందరూ కూర్చుని మీ నానమ్మని తిట్టుకుంటారు. ఆ కిరణ్మయి మీ ఆఫీసుకి ఎప్పుడొస్తుందో అది చెప్పు."

"అమ్మా, నా ఉద్యోగం పోతుంది."

"పోతే పిండి రుబ్బుదువుగాని రా. గ్రైండర్ గోల కూడా ఉండదు."

స్టెల్లాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. శుక్రవారం వీడియో చూసి ఒప్పుకోవడానికి ఆవిడే వస్తోందని చెప్పింది.

శుక్రవారం పుణ్యవతి చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, దుకాణం భవానికి అప్పగించి, కూతురితో ఆటో ఎక్కింది. రాయదుర్గం టవర్ కింద సెక్యూరిటీ కుర్రాడు ఎవరి కోసమని అడిగితే, కిరణ్మయిగారి కోసం, చిన్నప్పటినుంచి ఎరుగుదును అంది. అబద్ధం కాదు కాబట్టి గొంతు వణకలేదు. సోఫాలో కూర్చోమన్నా కూర్చోలేదు. లిఫ్టు ఎదురుగా నిలబడింది. కాలిన చేతిని కొంగు చాటున పెట్టుకోవడం ఆమెకి ఏళ్ల నాటి అలవాటు. ఆ రోజు కొంగు తీసేసింది.

కిరణ్మయి మీటింగు ముగించుకుని లిఫ్టులోంచి బయటికి వచ్చింది. వెనక స్టెల్లా, స్టెల్లా మేనేజరు ఉన్నారు. పుణ్యవతి అడ్డంగా నిలబడేసరికి ముగ్గురూ ఆగిపోయారు.

"నమస్కారమండీ. మార్తమ్మ కోడల్ని, పుణ్యవతిని."

కిరణ్మయి ఆమె మొహం కంటే ముందు చెయ్యి చూసింది. పోల్చుకుంది. కూర్చుని మాట్లాడదాం రండి అంటూ కాఫీ బల్లల వైపు నడిచింది. పుణ్యవతి కుర్చీ లాగలేదు. కిరణ్మయి కూడా కూర్చోలేక నిలబడిపోయింది. మెయిల్ సంగతి తెలుసనీ, మీ బాధ అర్థమైందనీ, కానీ అది నాన్నగారు ఇచ్చిన వాంగ్మూలమనీ, వీడియోలో ఎవరి పేరూ పెట్టలేదు కదా అనీ మెత్తగా నచ్చజెప్పింది. పనివాళ్లు జాగ్రత్త పడాలంటే ఒక ఉదాహరణ ఉండాలి కదండీ అంది.

పుణ్యవతి అంతా విన్నది.

"మా అత్త మంచిది కాదండీ. నన్ను నానా మాటలూ అంది, నా కాళ్ల మీద జిగురు పోసింది. ఆవిడ కోసం నేను అబద్ధం ఆడను. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. రోజూ సాయంత్రం తపేలా గీకి పట్టుకెళ్లింది ఎవరు?"

కిరణ్మయి చూపు మళ్లీ ఆ కాలిన చేతి మీదికి పోయింది.

"ముందురోజు సాయంత్రం కంచె దగ్గర ఏడిచింది ఎవరు? అడుగున ఉన్నది వేళ్లతో గీకి ఎవరి గిన్నెలో వేసింది మా అత్త? నిన్నటి జిగురు అంటున్నారు కదా. అది షెడ్డులో లేదండీ. మీ ఇంట్లో ఉంది. మీ కాగితం మేడల్లో ఉంది."

కాఫీ మిషన్ బుస్సుమంటోంది. స్టెల్లా మేనేజరు ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకుంది. కిరణ్మయి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. పెద్ద సంస్థ నడిపే మనిషి గొంతు చిన్నదైపోయింది.

"నేనే. అటు వెళ్లానని తెలిస్తే అమ్మ కొడుతుందని ఎవరికీ చెప్పలేదు. తరవాత నాన్నగారు అలా అన్నాక ఇక చెప్పడానికి లేకపోయింది." తలెత్తి, "మరి కారణం ఏమిటండీ?" అని అడిగింది.

"నాకు తెలీదు. జనం ఎక్కువమంది ఉన్నారు, సరుకు ఎక్కువ ఉంది. ఏది అంటుకుందో చూసినవాళ్లు లేరు. తెలీదని రాయండి. తెలీనిదానికి మా ముసల్దాన్ని తెచ్చి అతికించకండి."

ఆ మాట అని పుణ్యవతి వెనక్కి తిరిగి నడిచింది. వీధిలోకి వచ్చాక మెట్రో స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. భయం వల్ల కాదు. ఇన్నేళ్లూ మోసిన మాటని ఒక్కసారిగా దింపితే ఒళ్లు తూలుతుంది కదా.

సోమవారం మెయిల్ వచ్చింది. ప్రమాదం గురించిన భాగమంతా తీసేశారు. స్టెల్లా ఎగిరి గంతేసింది. గెలిచావమ్మా అని తల్లిని పట్టుకుంది. పుణ్యవతి చేతులు విడిపించుకుంది.

"కొట్టేస్తే ఎవరు గెలిచినట్టు? ఊళ్లో మాట కొట్టుకుపోయిందా? మీ నాన్న విన్నాడా? ఆ ఫోను ఇలా ఇవ్వు."

స్టెల్లా వద్దు వద్దంటూనే కిరణ్మయి నంబరు తెరిచి, మాట రికార్డయ్యే బటను నొక్కి పట్టుకుంది. పుణ్యవతి ఫోను దగ్గరికి వంగి, సందు చివరి వరకూ వినపడేలా మాట్లాడింది.

"మీరు తీసేశారని చెప్పారండీ, సంతోషం. కానీ అది సరిపోదు. మీ నాన్నగారు నలుగురిలో అన్న మాట మీరూ నలుగురిలో కాదనాలి. పేరు పెట్టి కాదనాలి. అంతవరకూ నేను రోజూ మీ ఆఫీసు కింద నిలబడతాను. పిండి భవాని అమ్ముతుంది."

భవాని బయటినుంచి, "నాకు ఇస్త్రీ బట్టలు కుప్ప పడ్డయి, అక్కా," అని అరిచింది. అది కూడా అందులో రికార్డయిపోయింది.

నిజంగానే వెళ్లి నిలబడింది. ఒక రోజు కాదు, వారం పొడుగునా. టవర్లోకి వచ్చేపోయే పిల్లలు ఎవరమ్మా మీరు అని అడిగితే దాచకుండా చెప్పింది. సెక్యూరిటీ కుర్రాడు మొదట్లో కసిరాడు, తరవాత నీడలోకి కుర్చీ తెచ్చి వేశాడు, ఆ తరవాత కథ తనే అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. కిరణ్మయి కారు ఆమె పక్కనుంచే వెళ్లేది, ఆమె పక్కనుంచే వచ్చేది. స్టెల్లాని ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు, అలాగని నవ్వుతూ పలకరించనూ లేదు. ఆ పిల్ల మధ్యాహ్నం కిందికి దిగి తల్లి పక్కన నిలబడి అన్నం తినేది. మొదటి రోజు సిగ్గుపడింది. మూడో రోజుకి చెమటలు కక్కుతూనే తల ఎత్తి తింది.

ఆ వారం చివర కిరణ్మయి దగ్గర్నుంచి కొత్త స్క్రిప్టు వచ్చింది. స్టెల్లా బీరువా తలుపులు తెరిచి దుప్పట్లు కప్పింది. అప్పటికే పప్పు సగం నలిగింది. పుణ్యవతి ఎవరూ అడగకుండానే గ్రైండర్ ఆపి, దుప్పటి పక్కన నేలమీద కూర్చుంది.

"మా తొలి యూనిట్‌లో జరిగిన ప్రమాదానికి కారణం తెలియలేదు. నిన్నటి జిగురు వాడటం వల్ల జరిగిందని అప్పట్లో మేము చెప్పింది నిజం కాదు. జిగురు కాచిన మార్తమ్మ ఏ రోజు జిగురు ఆ రోజే ఖాళీ చేసేది. మీరూ అలాగే చేయండి."

స్టెల్లా మళ్లీ చదువుతానంటూ నీళ్లు తాగింది.

"గారు చేర్చు," అంది పుణ్యవతి.

"ఏంటమ్మా?"

"మార్తమ్మగారు అను. చేసేవారు అను."

"స్క్రిప్టులో లేదమ్మా. అయినా నువ్వెప్పుడైనా నానమ్మని గారు అన్నావా?"

"నేను అనను. నన్ను అపస్వరం అన్న మనిషిని నేనెందుకంటాను? వాళ్లచేత అనిపించు."

స్టెల్లా మైకు సరిచేసుకుని, గారు చేర్చి, మొదటినుంచి చదివింది. వీడియో అలాగే వెళ్లింది. అటునుంచి ఎవరూ దిద్దలేదు.

రికార్డింగు అయ్యేసరికి, అంతకుముందే రుబ్బి పెట్టిన గిన్నెలో పిండి పొంగి మూత పక్కకి జరిగింది. పుణ్యవతి వాసన చూసింది. గీత దాటింది. బయట జనం సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు, భవాని కూడా గిన్నె పట్టుకుని వచ్చింది. వాళ్లందరి ఎదుటా పుణ్యవతి గిన్నె ఎత్తి పిండి మొత్తం కాలవలో ఒంపేసింది. ఇవాళ పిండి లేదు, రేపు రండి అంది.